పారే పత్రం, నిలిచిన చెట్టు
ఎక్స్ఎంఎల్ మార్పిడి పద్ధతులపై ఒక సింహావలోకనం

1998 ఫిబ్రవరి 10న ఎక్స్ఎంఎల్ 1.0కు డబ్ల్యూ3సీ ఆమోదముద్ర పడింది. మే 11న సాక్స్ వచ్చింది. అక్టోబర్ 1న డామ్ మొదటి స్థాయి ప్రమాణమైంది. కొత్త భాషకు ఏడాది నిండకముందే దాన్ని ప్రోగ్రాములు ఎలా చదవాలన్న దాని మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత పుట్టిన ప్రతి పార్సర్, ప్రతి మార్పిడి భాష ఈ రెంటిలో ఏదో ఒక వైపు నిలబడింది. లేదంటే మధ్యలో చోటు వెతుక్కుంది.

మొదటిది సాక్స్ నిలిచిన స్ట్రీమింగ్ పక్షం. పార్సర్ పత్రాన్ని మొదటి అక్షరం నుంచి చదువుతూ పోతుంది. ఫలానా ట్యాగ్ తెరుచుకుంది, ఫలానా అక్షరాలు వచ్చాయి, ఫలానా ట్యాగ్ మూసుకుంది అని ఒక్కొక్కటీ ఒక్కసారే చెబుతుంది. చెప్పింది మళ్లీ చెప్పదు. రెండోది డామ్ నిలిచిన చెట్టు పక్షం. పత్రం మొత్తాన్ని చదివి, ప్రతి ఎలిమెంటునూ ఒక నోడ్‌గా మెమరీలో నిలబెట్టి, ఇక నీ ఇష్టం వచ్చిన వైపు తిరుగు అంటుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర నిలబడి ముందు నుంచి పోతున్న గూడ్సు బండిని చూడటానికి, యార్డులో ఆపిన బండి పక్కన అటూ ఇటూ నడవడానికి ఉన్న తేడా ఇది. గేటు దగ్గరివాడు పెట్టెలు లెక్కపెట్టగలడు, కానీ పదో పెట్టె మీద ఏం రాసి ఉందో నలభయ్యో పెట్టె వచ్చినప్పుడు కావాలంటే ముందే రాసి పెట్టుకుని ఉండాలి.

ఈ వాదన ఎప్పుడు లేచినా మెమరీ పేరు చెప్పుకునే లేస్తుంది. చెట్టు మెమరీని తినేస్తుంది, స్ట్రీమింగ్ పొదుపు చేస్తుంది అంటారు. నిజమే గానీ సగం నిజం. పని పూర్తి కావడానికి ఏవి గుర్తుండాలో అవి ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోక తప్పదు. చెట్టు అన్నిటినీ గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి ఎంచుకునే బాధ లేదు. స్ట్రీమింగ్‌లో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఎంపిక ఎవరి నెత్తిన పడింది అన్నదే ఈ పాతికేళ్ల చరిత్రకు వెన్నెముక. మొదట అది ప్రోగ్రామర్ నెత్తిన పడింది, తర్వాత లైబ్రరీలు కొంత పంచుకున్నాయి, చివరికి కంపైలర్ కూడా భుజం పట్టింది.

అసలు ఈ కథ ఎక్స్ఎంఎల్ కంటే చాలా పాతది. 1950ల నుంచి పెద్ద సంస్థల లెక్కలు మాగ్నెటిక్ టేపుల మీద నడిచాయి. జీతాల పాత మాస్టర్ ఫైలు ఒక టేపు, ఆ నెల మార్పులు ఇంకో టేపు. రెండూ ఒకే క్రమంలో పేర్చి ఉంటాయి. రెంటినీ పక్కపక్కన చదువుతూ మూడో టేపు మీద కొత్త మాస్టర్ రాస్తారు. మెమరీ కిలోబైట్లలో ఉన్న రోజుల్లో చెట్టు కట్టడమన్న ఆలోచనకే తావు లేదు. ఆ అనుభవానికంతటికీ సిద్ధాంత రూపం ఇచ్చినవాడు మైకేల్ జాక్సన్. పాటగాడు కాదు, బ్రిటన్‌కు చెందిన ప్రోగ్రామింగ్ ఆలోచనాపరుడు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామ్ డిజైన్' చెప్పేదేమిటంటే, ప్రోగ్రామ్ ఆకారం దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల ఆకారం నుంచి రావాలి. ఆ రెండు ఆకారాలూ పొసగనప్పుడు వచ్చే చిక్కులను ఆయన వర్గీకరించాడు. వాటిలో ఒకటి క్రమం పొసగకపోవడం: సమాచారం వచ్చే వరుస ఒకటి, మనకు కావలసిన వరుస మరొకటి. స్ట్రీమింగ్ మీద తర్వాత వచ్చిన పరిశోధనలో చాలా భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది. 2009లో, ఎక్స్ఎంఎల్ మార్పిడి చేసే సాక్సన్ ప్రాసెసర్ కర్త మైకేల్ కే, బాలిసాజ్ మార్కప్ సదస్సుకు రాసిన వ్యాసంలో మళ్లీ జాక్సన్ దగ్గరికే వెళ్లాడు.

టేపులకూ ఎక్స్ఎంఎల్‌కూ మధ్య ఎస్‌జీఎంఎల్ ఉంది. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ మొదలుపెట్టిన జీఎంఎల్ పెరిగి పెద్దదై 1986లో ఐఎస్ఓ 8879గా స్థిరపడింది. ఆ ప్రపంచంలో జేమ్స్ క్లార్క్ రాసిన ఎన్‌ఎస్‌జీఎంఎల్‌ఎస్ అనే పార్సర్ అందరికీ చేతి పనిముట్టు. అది పత్రాన్ని చదివి, ఒక్కో సంఘటనకు ఒక్కో వరుస చొప్పున మామూలు టెక్స్ట్‌గా కక్కేది. ట్యాగ్ తెరుచుకుంటే వరుస మొదట ఎడమ బ్రాకెట్, మూసుకుంటే కుడి బ్రాకెట్, అక్షరాలు వస్తే చిన్న అడ్డగీత. ఆ వరుసలను పెర్ల్ ప్రోగ్రాములు మింగేవి.

అదే కాలంలో కెనడాలో పుట్టిన ఆమ్నిమార్క్ భాష ఒక తెలివైన పని చేసింది. దాని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది పరిష్కరించిన సమస్య ఇప్పటికీ మన బ్యాంకు ఫైళ్లలో కూర్చునే ఉంది. ఒక కంపెనీ తన ఉద్యోగుల జీతాలు వేయమని బ్యాంకుకు పంపే ఫైలు తీసుకోండి. ఐఎస్ఓ 20022 ప్రమాణంలో దీని పేరు పెయిన్.001 (పేమెంట్ ఇనిషియేషన్‌కు పొట్టి పేరు, నొప్పి అనుకోవద్దు). ఫైలు తలభాగంలోనే ఇందులో ఎన్ని చెల్లింపులున్నాయో రాయాలి. వాటి మొత్తం ఎంతో రాయడానికి కూడా అక్కడే చోటుంది. చెల్లింపులేమో ఆ కిందెక్కడో వరుసగా వస్తాయి. జీతాల పట్టీని పై నుంచి కింది వరకు ఒక్కసారే చదువుతూ ఈ ఫైలును ఒక్కసారే రాసుకుంటూ పోవాలంటే కుదరదు. మొదటి పంక్తి రాయడానికి కావలసిన అంకె చివరి పంక్తి చదివాక గానీ తెలియదు. దారులు మూడే: ఇన్‌పుట్‌ను రెండుసార్లు చదవడం, అవుట్‌పుట్‌ను పట్టి ఉంచడం, లేదా అంతా మెమరీలోకి తెచ్చుకోవడం. ఆమ్నిమార్క్ రెండో దారి ఎంచుకుని దాన్ని భాషలోనే ఇమిడ్చింది. ఇక్కడ ఒక విలువ వస్తుంది, దాని పేరు ఇది, తర్వాత చెబుతాను అని ఖాళీ వదిలి ముందుకు పోవచ్చు. వాటిని రెఫరెంట్లు అన్నారు. విలువ దొరికాక భాషే ఆ ఖాళీ నింపుకుంటుంది. అప్పటిదాకా అవుట్‌పుట్ ఎక్కడో ఆగి ఉంటుందన్నది నిజమే. కానీ ఎక్కడ ఆపాలి, ఎలా నింపాలి అన్న తలనొప్పి ప్రోగ్రామర్‌కు తప్పింది.

సాక్స్ పుట్టుక వెనుక ఏ కమిటీ లేదు. 1997 డిసెంబరులో ఎక్స్ఎంఎల్-డెవ్ చర్చా వేదికలో ఈ మాట లేచింది. పీటర్ మరీ-రస్ట్ రసాయన శాస్త్రవేత్త. జంబో అనే ఎక్స్ఎంఎల్ బ్రౌజర్ రాసుకున్నాడు. ఒక్కో పార్సర్‌కు ఒక్కో ఇంటర్‌ఫేస్ ఉండటంతో అన్నిటికీ విడివిడిగా కోడ్ రాయాల్సి రావడం ఆయన గోడు. లార్క్ పార్సర్ రాసిన టిమ్ బ్రే, ఆల్ఫ్రెడ్ పార్సర్ రాసిన డేవిడ్ మెగిన్సన్ కలిశారు. మెగిన్సన్ పగ్గాలు పట్టాడు. కొన్ని నెలల చర్చతో అందరూ ఒప్పుకున్న ఇంటర్‌ఫేస్ తయారై, ఎవరి సొంతమూ కాకుండా పబ్లిక్ డొమైన్‌లోకి వెళ్లింది. 1998లోనే క్లార్క్ సీ భాషలో రాసిన ఎక్స్‌పాట్ కూడా ఈ ధోరణిలోదే. పెర్ల్, పైథాన్, మొజిల్లా అన్నీ దాని మీద ఆధారపడ్డాయి.

సాక్స్‌తో పని చేసినవాళ్లకు బాగా తెలిసిన ఒక పురుగు (బగ్) ఉంది. తెలుగులో అది మరింత చమత్కారంగా కనిపిస్తుంది. పత్రంలో ఇలా ఉందనుకోండి:

<పేరు>లక్ష్మి</పేరు>

ట్యాగుల పేర్లు తెలుగులో ఉండటం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎక్స్ఎంఎల్ మొదటి రోజు నుంచీ ఇది చెల్లుతుంది. పార్సర్ పేరు అనే ట్యాగ్ తెరిచానని చెబుతుంది. తర్వాత అక్షరాలు ఇస్తుంది. అన్నీ ఒకే విడతలో ఇస్తానని మాత్రం సాక్స్ ఎక్కడా మాట ఇవ్వలేదు. పార్సర్ ఫైలును ముక్కలు ముక్కలుగా బఫర్‌లోకి తెచ్చుకుంటుంది, బఫర్ అంచు ఈ పేరు మధ్యలో పడితే ముందు 'లక్' అని ఒక విడత, తర్వాత 'ష్మి' అని రెండో విడత రావచ్చు. యూనికోడ్ లెక్కలో ఏ అక్షరమూ విరగలేదు. మన కంటికి మాత్రం 'క్ష్మి' నిలువునా చీలింది. వచ్చిన ముక్కను పాతదానికి కలపకుండా దాని స్థానంలో పెట్టుకునే కోడ్ రాసినవాడి డేటాబేసులోకి 'ష్మి' చేరుతుంది. చిన్న ఫైలుతో పరీక్షించినప్పుడు అంతా ఒకే విడతలో వచ్చేస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. లక్ష పేర్లలో ఏ పది పేర్లకో జరుగుతుంది. ఫైలులో పై పంక్తికి ఒక్క అక్షరం చేరిస్తే ఆ పది కాస్తా వేరే పది అవుతాయి.

ఈ పురుగు చిన్నదే. దాని వెనుక ఉన్నది పెద్దది. ఇప్పుడు ఏ ట్యాగ్ లోపల ఉన్నాం, దాని తండ్రి ఎవరు, ఇందాక వచ్చిన తేదీ ఏమిటి అన్నవన్నీ ప్రోగ్రామరే జెండాలు, స్టాక్‌లు పెట్టుకుని మోయాలి. నాలుగు నియమాల మార్పిడికి నాలుగు వందల పంక్తుల కోడ్ అవుతుంది. అందులో సగం, పేరు పెట్టని ఒక చెట్టును చేత్తో కట్టుకోవడమే.

డామ్ పుట్టింది బ్రౌజర్లలో. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోటీ పడి స్క్రిప్టులతో పేజీలను కదిలించిన రోజుల్లో, ఒకే స్క్రిప్టు రెండిట్లోనూ నడవాలన్న కోరిక దాని మూలం. పేజీ తెర మీద ఉన్నంతసేపూ మార్చదగినదిగా ఉండాలి కాబట్టి చెట్టు తప్పనిసరి. ఆ చెట్టులో ప్రతి నోడ్‌కు తండ్రి, మొదటి బిడ్డ, ముందు వెనుక తోబుట్టువులు తెలిసి ఉండాలి. ఆట్రిబ్యూట్ కూడా నోడే. ఒక్కో నోడ్ ఒక్కో ఆబ్జెక్ట్ అయితే, నాలుగక్షరాల విలువకు దాని కంటే ఎన్నో రెట్లు బరువైన పాయింటర్లు తగులుకుంటాయి. మెగాబైట్ల ఫైలు మెమరీలోకి ఎక్కేసరికి పదింతల దాకా ఊరడం అందుకే. 64 ఎంబీ ర్యామ్ ఉన్నవాడు గొప్పవాడైన కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ పదింతలనే మాటను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకూడదు. ట్యాగులు, ఆట్రిబ్యూట్లు దట్టంగా ఉండి అక్షరాలు తక్కువున్న పత్రం బాగా ఊరుతుంది. పెద్ద పెద్ద పేరాలకు రెండే ట్యాగులున్న పత్రం అంత ఊరదు. తెలుగు విషయంలో ఇంకో మెలిక ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు 3 బైట్లు పడతాయి. జావాలో స్ట్రింగ్‌లోకి వచ్చేసరికి 2 బైట్లే. పైథాన్‌లోనూ 3.3 నుంచి అంతే. అంటే డిస్కు మీద కంటే మెమరీలో మన అక్షరాలు తగ్గుతాయి. పాత జావాలో ఇంగ్లీషు దీనికి సరిగ్గా తిరగబడి ఉండేది: డిస్కు మీద 1 బైటు, మెమరీలో 2. ఇంగ్లీషు ఫైళ్లతో కొలిచిన పెరుగుదలను తెలుగు ఫైళ్లకు అంటగడితే లెక్క తప్పుతుంది.

చెట్టు పక్షానికి అసలు బలం 1999 నవంబర్ 16న వచ్చింది. ఆ రోజు ఎక్స్ఎంఎల్ పత్రాలను మార్చే భాష ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0, చెట్టులో నోడ్‌లను వెతికే ఎక్స్‌పాత్ 1.0 వెలువడ్డాయి. ఎక్స్ఎస్ఎల్‌టీ సంపాదకుడు మళ్లీ జేమ్స్ క్లార్కే. ఎన్‌ఎస్‌జీఎంఎల్‌ఎస్, ఎక్స్‌పాట్ రాసిన మనిషే చెట్టు లేకుండా ఊహించలేని భాషకు రూపం ఇచ్చాడు. పార్సర్ వేరు, మార్పిడి వేరు అని ఆయనకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదేమో. ఎక్స్‌పాత్‌లో 13 అక్షాలున్నాయి. వాటిలో కొన్ని పైకి, కొన్ని వెనక్కి చూస్తాయి. ఈ అధ్యాయానికి ముందరి అధ్యాయం శీర్షిక ఏమిటి, ఈ వరుసకు ముందు ఇలాంటివి ఎన్ని వచ్చాయి అని ఒక్క ముక్కలో అడిగేయవచ్చు. ఆ సుఖం రుచి చూసినవాడు మళ్లీ జెండాలు, స్టాక్‌ల జోలికి పోవడానికి ఇష్టపడడు.

ఈ రెండు పక్షాలూ ఒకే ఇంట్లో ఢీకొన్న సందర్భం అపాచీ కొకూన్. స్టెఫానో మజోకి మొదలుపెట్టిన ఈ వెబ్ ప్రచురణ సాధనం మొదటి తరంలో డామ్ చెట్లను ఒక దశ నుంచి ఇంకో దశకు చేతులు మారుస్తూ నడిచింది. ప్రతి పేజీకి ప్రతి దశలో ఒక చెట్టు కావడంతో బరువు మోయలేక, రెండో తరాన్ని మొత్తం సాక్స్ పైపుల మీద మళ్లీ కట్టారు. ఒక దశ నుంచి సంఘటనలు పారుతూ తర్వాతి దశలోకి వెళతాయి, ఎక్కడా ఆగవు. కాగితం మీద అద్భుతంగా ఉంది. తమాషా ఏమిటంటే, చాలామంది ఆ పైపు మధ్యలో పెట్టుకున్న దశ ఎక్స్ఎస్ఎల్‌టీ. అది లోపలికి పారి వచ్చినదంతా కూడబెట్టి చెట్టు కట్టుకుని, పని చేసి, మళ్లీ సంఘటనలుగా బయటికి వదిలేది. పైపు పేరుకు ప్రవాహం, నడుమ నిండు చెరువు.

చెట్టును వదులుకోలేమని తేలాక దాన్ని సన్నం చేసే ప్రయత్నాలు జరిగాయి. సాక్సన్‌లో మైకేల్ కే పెట్టిన టైనీట్రీ నాకు బాగా నచ్చిన ఇంజనీరింగ్. నోడ్‌కు ఆబ్జెక్ట్ అన్నదే తీసేశాడు. నోడ్ ఏ రకం, ఎంత లోతులో ఉంది, పేరు ఏమిటి, తర్వాతి తోబుట్టువు ఎక్కడ అన్నవి వేర్వేరు అంకెల వరుసల్లో ఉంటాయి. అక్షరాలన్నీ ఒకే పెద్ద బఫర్‌లో పడి ఉంటాయి. నోడ్ అంటే ఆ వరుసల్లో ఒక స్థానం. మార్చడానికి వీల్లేని చెట్టు కాబట్టి ఇది కుదిరింది. ఎక్స్ఎస్ఎల్‌టీ తన ఇన్‌పుట్‌ను ఎప్పుడూ మార్చదు గదా. మరో ఎక్స్ఎస్ఎల్‌టీ ప్రాసెసర్ క్సాలన్ వాళ్లు డీటీఎం పేరుతో ఇలాంటిదే చేశారు.

స్ట్రీమింగ్ వైపు సంస్కరణ తోసే పద్ధతి నుంచి లాగే పద్ధతికి మారడం. సాక్స్‌లో పార్సర్ మన కోడ్‌ను పిలుస్తుంది. లాగే పద్ధతిలో మన కోడే తర్వాతిది ఇవ్వు అని పార్సర్‌ను అడుగుతుంది. 2002లో డాట్‌నెట్‌తో వచ్చిన ఎక్స్ఎంఎల్ రీడర్, 2004లో ఖరారైన జావా స్టాక్స్ ఈ దారివి. కోడ్ చదవడానికి బాగా తేలికైంది. గుర్తు పెట్టుకోవాల్సిన భారం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

2002 చుట్టుపక్కల ఒలివర్ బెకర్, పెట్ర్ సింప్రిక్ తదితరులు ఎస్‌టీఎక్స్ అనే భాషను రూపొందించారు. చూపుకు ఎక్స్ఎస్ఎల్‌టీ లాగే ఉంటుంది గానీ, తన పూర్వీకులను తప్ప మరి దేన్నీ వెనక్కి చూడనివ్వదు, మార్చుకోదగిన వేరియబుల్స్ ఇస్తుంది. మంచి ఆలోచనే. కానీ ప్రమాణంగా ఎవరూ నెత్తికెత్తుకోలేదు. విశ్వవిద్యాలయాల్లోనూ 2002లోనే డాన్ ఒల్తియాను, ఫ్రాంస్వా బ్రీ బృందం వెనక్కి చూసే ఎక్స్‌పాత్ ప్రశ్నలను ముందుకు మాత్రమే చూసే ప్రశ్నలుగా తిరగరాయవచ్చని చూపింది. సిద్ధాంతంగా గట్టిది. తిరగరాసినంత మాత్రాన గుర్తు పెట్టుకోవాల్సినది మాయం కాదని వాళ్లకూ తెలుసు.

ఇంతలో 64 బిట్ల యంత్రాలు వచ్చి వాదనకు గాలి తీశాయి. 32 బిట్లలో 4 జీబీ గోడ ఉండేది, ఒక ప్రోగ్రామ్‌కు అందేది తరచు దాని సగమే. గోడ పోయింది, ర్యామ్ చవకైంది. చాలా ఆఫీసుల్లో సాక్స్ కోడ్‌ను చడీచప్పుడు లేకుండా తీసేసి చెట్టు పెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. వందల మెగాబైట్ల లోపు ఫైలుకు స్ట్రీమింగ్ రాయడం ఈ రోజు చాలా సార్లు అనవసరపు ప్రయాస.

నిజానికి రోజువారీ పనిలో గెలిచింది మూడో దారి: ప్రవాహంలో చిన్న చిన్న చెట్లు. పెర్ల్‌లో మిషెల్ రోడ్రిగెజ్ రాసిన ఎక్స్ఎంఎల్ ట్విగ్, పేరులోనే చిన్న కొమ్మ ఉన్నట్టు, ఈ దారిని ముందే తొక్కింది. 2006లో పైథాన్ 2.5లో చేరిన ఫ్రెడ్రిక్ లుండ్ ఎలిమెంట్‌ట్రీ దాన్ని ఇటర్‌పార్స్‌గా అందరికీ అందించింది. దీనికి అతికినట్టు సరిపోయే పదార్థం వికీపీడియా డంపు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు కూడా మిగతా భాషల్లాగే ఎప్పటికప్పుడు ఎక్స్ఎంఎల్ డంపు వెలువడుతుంది. పై నుంచి కింది దాకా ఒకే మూల ఎలిమెంట్, దాని కింద పేజీ వెనక పేజీ. ప్రతి పేజీలో శీర్షిక, పేరుబరి (నేమ్‌స్పేస్) సంఖ్య, కూర్పు, దాని తేదీ, పాఠ్యం. మొత్తం పెద్దదే గానీ ఏ ఒక్క పేజీ పెద్దది కాదు. ఒక పేజీకి పక్క పేజీతో పని లేదు. పేజీ ముగిసిన సంఘటన రాగానే ఆ పేజీ వరకు చెట్టు చేతిలో ఉంటుంది, కావలసింది తీసుకుని దాన్ని ఖాళీ చేసి ముందుకు పోతాం.

ఇక్కడా ఒక గుంట ఉంది. పేజీని ఖాళీ చేస్తే లోపలి సరుకు పోతుంది గానీ, ఖాళీ డిప్ప మూల ఎలిమెంటుకు అంటుకునే ఉంటుంది. వేల పేజీలకు తెలియదు. లక్షలు దాటాక డిప్పలే పేరుకుపోయి, స్ట్రీమింగ్ అనుకున్న ప్రోగ్రామ్ మెమరీ గ్రాఫు మెల్లగా ఎగబాకుతూ ఉంటుంది. మందు తేలికే: మొదట్లోనే మూల ఎలిమెంటును పట్టుకుని, ప్రతి పేజీ తర్వాత దాన్ని కూడా ఖాళీ చేయాలి. తెలుగు డంపుతో బాగా నడిచి, పదుల జీబీల ఇంగ్లీషు డంపు దగ్గర చతికిలబడే ప్రోగ్రాములకు చాలాసార్లు కారణం ఇదే.

వికీపీడియా సులువైన పదార్థం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రపంచ పటం ఫైలు అలా కాదు. సంపీడనం విప్పితే టెరాబైట్ దాటే ఎక్స్ఎంఎల్ అది. అందులో ముందు బిందువులన్నీ, వాటి అక్షాంశ రేఖాంశాలతో వస్తాయి. తర్వాత దారులు. విజయవాడలో బందరు రోడ్డు అనే దారిలో ఏ బిందువు ఎక్కడుందో రాయరు, బిందువుల సంఖ్యలు మాత్రమే ఉంటాయి. ఆ బిందువులు ఎప్పుడో వందల కోట్ల వాటి మధ్య దాటిపోయాయి. ఏవి కావాలో ముందు తెలియదు కాబట్టి అన్నీ దాచాల్సిందే. పెద్ద చెట్టు ఎలాగూ పట్టదు, పేజీకో చెట్టు అన్న మూడో దారి కూడా ఇక్కడ మూసుకుపోయింది. అందుకే ఆ రంగంలోవాళ్లు బిందువులను డిస్కు మీద సంఖ్యను బట్టి వెంటనే దొరికేలా పేర్చి పెట్టుకుని, దారులు వచ్చినప్పుడు వెతుక్కుంటారు.

మరో కొసన ఎక్స్ఎంపీపీ ఉంది. 1999లో ప్రపంచానికి తెలిసిన జెరెమీ మిల్లర్ జాబర్ నుంచి పెరిగిన సందేశాల ప్రమాణం. మీరు లాగిన్ అయినప్పుడు ఒక మూల ట్యాగ్ తెరుచుకుంటుంది. లాగౌట్ అయ్యేదాకా మూసుకోదు. ఆ మధ్య ప్రతి సందేశమూ దాని బిడ్డే. పత్రం పూర్తయ్యాక చెట్టు కడదామనుకుంటే గంటల తరబడి మొదటి సందేశం కూడా కనబడదు.

ఇక ఎక్స్ఎస్ఎల్‌టీ 3.0. 2010 మేలో 2.1 పేరుతో మొదటి ముసాయిదా వచ్చింది, 2017 జూన్ 8న 3.0గా ప్రమాణమైంది. ఏడేళ్లు పట్టడానికి ముఖ్య కారణం స్ట్రీమింగే అని ఆ పత్రంలో 19వ అధ్యాయం చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి ఎత్తుగడ: భాష మారదు, రాసే పద్ధతి మారదు. ఈ నియమాల గుంపు స్ట్రీమింగ్‌లో నడవాలి అని ప్రకటిస్తే, నడుస్తుందో లేదో కంపైలర్ ముందే తేల్చి చెబుతుంది. అందుకోసం ప్రతి చిన్న పదబంధానికీ పోశ్చర్, స్వీప్ అని రెండు గుణాలు లెక్కగడుతుంది. చెట్టులో ఏ భంగిమలో ఉన్నాం, పత్రాన్ని ఎంత మేర ముందుకు జరుపుతాం అని. భంగిమల పేర్లు గ్రౌండెడ్, క్లైంబింగ్, స్ట్రైడింగ్, క్రాలింగ్, రోమింగ్. ప్రమాణ పత్రాల్లో ఇంత నడక నేను ఇంకెక్కడా చూడలేదు.

నియమాల సారం మాత్రం ఒక్క మాటలో చెప్పవచ్చు: ఒక చోటి నుంచి కిందికి ఒక్కసారే దిగాలి. <జిల్లా> లోపల ఎన్నో <గ్రామం>లు, ప్రతి గ్రామంలో <జనాభా> ఉన్నాయనుకోండి. జిల్లా జనాభా మొత్తం రాయి అంటే సరే. మొత్తం రాసి, దాని కింద గ్రామాల సంఖ్య రాయి అంటే రెండుసార్లు దిగినట్టు, కంపైలర్ తిప్పికొడుతుంది. అప్పుడు ఫోర్క్ అనే నిర్మాణం వాడి రెండు పనులకూ ఒకే ప్రయాణం చూపించవచ్చు. నడుస్తూ పెరిగే మొత్తాల కోసం అక్యుమ్యులేటర్ ఉంది. గ్రామానికో చిన్న చెట్టు చాలనుకుంటే కాపీ ఉంది. అంటే ట్విగ్ దారి ఇప్పుడు ప్రమాణంలోకే వచ్చింది. గ్రామాలను జనాభా క్రమంలో పేర్చు అంటే మాత్రం అన్నిటినీ పట్టి ఉంచడం తప్ప వేరే ఉపాయం లేదు. చివరి గ్రామం చూడకుండా మొదటిది ఏదో ఎవరూ చెప్పలేరు.

ఇంత శ్రమ పడి కట్టినదాన్ని ఎంతమంది వాడుతున్నారంటే, చాలా తక్కువ. సాక్సన్‌లో స్ట్రీమింగ్ డబ్బు పెట్టి కొనే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కే పరిమితం. ఉచిత ఎడిషన్‌లో లేదు. కొనగలిగిన సంస్థకు ర్యామ్ కొనడం అంతకంటే తేలిక. పైగా కంపైలర్ తిప్పికొట్టిన కారణం అర్థం కావాలంటే 19వ అధ్యాయం చదవాలి. అయినా ఎంపిక భారాన్ని ప్రోగ్రామర్ నుంచి యంత్రానికి మార్చడంలో ఇంతదూరం వచ్చిన భాష ఇంకొకటి నాకు తెలియదు.

ఎక్స్ఎంఎల్ మెల్లగా పక్కకు జరిగింది. మన ఆదాయపు పన్ను శాఖ కూడా 2021-22 మదింపు సంవత్సరం నుంచి రిటర్ను ఫైళ్లను ఎక్స్ఎంఎల్ నుంచి జేసన్ అనే ఫార్మాట్‌కు మార్చింది. పేరు మారింది గానీ పక్షాలు మారలేదు. బ్రౌజర్‌లోని జేసన్ పార్స్ చెట్టు తప్ప ఇంకేమీ ఇవ్వదు. స్టాక్స్ ప్రమాణానికి వుడ్‌స్టాక్స్ పార్సర్ రాసిన టాటు సలోరాంటా, తర్వాత జావాలో జాక్సన్ లైబ్రరీ రాసినప్పుడు స్ట్రీమింగ్, చెట్టు రెండూ పక్కపక్కనే పెట్టాడు. పెద్ద లాగ్‌ల కోసం జనం మూల ఎలిమెంట్ అన్నదాన్నే వదిలేసి, వరుసకో జేసన్ పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మాటకు మాట జవాబిచ్చే ఏఐ ప్రోగ్రాములు తమ జవాబును ముక్కలుగా పంపుతున్నాయి. ప్రతి ముక్కా దానంతట అది పూర్తయిన చిన్న జేసన్ కాబట్టి ఇబ్బంది లేదు. జవాబే ఒక జేసన్ కావాలని అడిగితేనే చిక్కు. అది అక్షరం అక్షరంగా వస్తూ ఉంటుంది, బ్రాకెట్ ఇంకా మూసుకోలేదు, తెర మీద మాత్రం అప్పుడే చూపించాలి. దానికోసం సగంలో ఆగిన జేసన్‌ను చదివి, మూయని బ్రాకెట్లను ఊహించి మూసి, దొరికినంత చెట్టు ఇచ్చే పార్సర్లను జావాస్క్రిప్ట్, పైథాన్ ప్రోగ్రామర్లు రాసుకుంటున్నారు. ప్రతి ముక్కకూ మొదటి నుంచి మళ్లీ చదివే పార్సర్లు కొన్ని, ఆగిన చోటు గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి సాగేవి కొన్ని.